‘చేయం’ అనకుండానే చేయరు: కారు సర్వీస్ సెంటర్ లెక్కలు

“ఈ మోడల్‌కి ఇది నార్మలే సర్.”

కారున్నవాళ్లలో ఈ మాట వినని వాళ్లు తక్కువ. నా వంతు వచ్చేసరికి కారు కొని రెండేళ్ల పది నెలలైంది. వారంటీ మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు, ఏది ముందైతే అది. బండి ఏఎంటీ, అంటే క్లచ్ పెడల్ ఉండదు, గేర్లు అదే మార్చుకుంటుంది. పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కుతూ ట్రాఫిక్‌లో ఆగి మళ్లీ కదిలితే, ఒకటో గేరు నుంచి రెండుకి మారేచోట వెనక నుంచి ఎవరో గుద్దినట్టు ఒక కుదుపు. ఖాళీ రోడ్డు మీద మాత్రం ఏమీ తెలియదు.

సర్వీస్ అడ్వైజర్ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వర్క్‌షాప్ వెనక వీధిలో రెండు రౌండ్లు కొట్టాడు. ఎత్తూ లేదు, ట్రాఫిక్కూ లేదు. కారులో లోపాలు పట్టే స్కానర్ పెట్టారు, లోపం ఉందని చెప్పే కోడ్ ఏదీ రాలేదు. పైన రాసిన మాట అప్పుడే అన్నాడు. కారు కడిగి ఇచ్చారు, తెచ్చుకున్నాను. రాత్రి ఇంట్లో జాబ్ కార్డు, అంటే కారు ఇచ్చినప్పుడు మన కంప్లయింట్ రాసుకునే కాగితం, తీసి చూస్తే, నా కంప్లయింట్ ఉండాల్సిన చోట ‘జనరల్ చెకప్’ అని ఉంది.

అంటే రేపు వారంటీ అయిపోయాక నేను వెళ్లి “ఈ కుదుపు అప్పుడే ఉంది కదా” అంటే, వాళ్ల రికార్డులో అలాంటిదేమీ ఉండదు. నేను ఆ రోజు ఊరికే కారు చూపించుకుని వెళ్లాను, అంతే.

సర్వీస్ సెంటర్ రిపేరు కాదన్నప్పుడు దాదాపు ఎప్పుడూ ఇలాగే జరుగుతుంది. ‘మేం చేయం’ అని ఎవరూ కాగితం మీద రాసివ్వరు. నార్మలే అంటారు, పార్ట్ రావాలంటారు, వారంటీలో రాదంటారు, బయట చేయించారు కదా అంటారు, ఇన్సూరెన్స్ వాళ్లని అడగండి అంటారు. అన్నీ నోటి మాటలే. ఆ నోటి మాటని కాగితం మీదకి తీసుకురావడమే ఈ వ్యవహారంలో సగం పని. అదెలాగో చెప్పే ముందు, వాళ్లు అలా ఎందుకంటారో చూడాలి.

ఆ సెంటర్ ఎవరిది?

పైన కంపెనీ బోర్డు ఉంటుంది, లోపల అందరూ కంపెనీ యూనిఫాంలో ఉంటారు. కానీ ఆ సర్వీస్ సెంటర్ కంపెనీది కాదు, డీలర్‌ది. డీలర్ సొంత పెట్టుబడితో నడిపే వ్యాపారం అది. కంపెనీతో ఒప్పందం ఉంటుంది. కార్లు కంపెనీ దగ్గర కొని మనకి అమ్ముతాడు, పార్ట్‌లూ అంతే.

వారంటీలో మన కారుకి ఒక పార్ట్ మారిస్తే మనం డబ్బు కట్టం కాబట్టి, దాని ఖర్చు డీలర్ కంపెనీ దగ్గర క్లెయిమ్ చేసుకోవాలి. లేబర్‌కి కంపెనీ ఒక లెక్క కట్టి ఇస్తుంది. అది మామూలు కస్టమర్ కట్టే బిల్లంత లాభసాటిగా ఉండదు. పైగా క్లెయిమ్‌తో పాటు ఫోటోలు, స్కానర్ రిపోర్టు, ఏం చూసి ఏం తేల్చారన్న వివరం పంపాలి, పాత పార్ట్ దాచి ఉంచాలి. కంపెనీ నుంచి వచ్చిన మనిషి ఆ పార్ట్ చూసి “ఇందులో లోపం లేదు, అనవసరంగా మార్చారు” అంటే క్లెయిమ్ కొట్టేస్తారు, ఆ ఖర్చు డీలర్ నెత్తిన పడుతుంది.

ఇప్పుడు ఆ అడ్వైజర్ కుర్రాడి వైపు నుంచి చూడండి. స్కానర్‌లో కోడ్ రాలేదు, తను నడిపినప్పుడు కుదుపు రాలేదు. పార్ట్ మార్చి క్లెయిమ్ వేస్తే పోతుందేమోనని మేనేజర్ ఊరుకోడు. నార్మల్ అని చెప్పి పంపేస్తే ఎవరికీ ఖర్చు లేదు. అతను మోసగాడు కానక్కర్లేదు, అతను కూర్చున్న కుర్చీ లెక్క అలా ఉంది.

ఇంకో లెక్క కూడా ఉంది. కారు తెచ్చుకున్న రెండు మూడు రోజులకి కంపెనీ కాల్ సెంటర్ నుంచి ఫోన్ వచ్చి, సర్వీస్‌కి పదికి ఎన్ని మార్కులిస్తారని అడుగుతారు. అంతకు ముందే అడ్వైజర్ ఫోన్ చేసి “పది ఇవ్వండి సర్, తొమ్మిదిచ్చినా మాకు పోతుంది” అని బతిమాలతాడు. అతని ఇన్సెంటివ్ ఆ మార్కుల మీద ఆధారపడి ఉంటుంది. మన చేతిలో ఉన్న చిన్న ఆయుధం అదొక్కటే. పని అవకముందు మొహమాటానికి పది ఇచ్చేస్తే అదీ పోతుంది.

వారంటీలో ఏది వస్తుంది, ఏది రాదు

వారంటీ అంటే కారు మొత్తానికి పూచీ అనుకుంటాం. నిజానికి అది, తయారీలోనో మెటీరియల్‌లోనో లోపం ఉన్న పార్ట్‌ని బాగు చేస్తాం లేదా మారుస్తాం అనే హామీ. వాడకంలో అరిగిపోయేవి, అంటే బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, వైపర్ బ్లేడ్లు, ఫిల్టర్లు, బల్బులు మామూలుగా ఇందులోకి రావు. టైర్లకీ బ్యాటరీకీ వాటి తయారీదారుల వారంటీ వేరే ఉంటుంది. ఎలుకలు వైర్లు కొరికితే రాదు. కల్తీ పెట్రోలు వల్ల పాడైతే రాదు.

గొడవలు ఎక్కువగా హద్దు మీద ఉన్న వాటి దగ్గర వస్తాయి. నా కేసే చూడండి. ఏఎంటీలో మన కాలు చేసే పనిని యాక్చుయేటర్ అనే భాగం చేస్తుంది. కుదుపు వస్తోందంటే క్లచ్ ప్లేటు అరిగి ఉండొచ్చు, యాక్చుయేటర్ సరిగా పనిచేయకపోవచ్చు. మొదటిది వాడకంలో అరిగేది కాబట్టి డబ్బులు నావి. రెండోది వారంటీలోది. ఒకే కుదుపు, పేరు మారితే జేబు మారుతుంది! అందుకే “క్లచ్ పోయింది సర్” అని తేల్చేసినప్పుడు, ఏం చూసి అలా అంటున్నారని అడగాలి. ప్లేటు మందం కొలిచారా, ఎంత వచ్చింది, ఎంత ఉండాలి? కొలవకుండా అంటే అది ఊహే.

“బయట చేయించారు కాబట్టి వారంటీ పోయింది” అన్నది మరో పాత మాట. దీని వెనక పెద్ద కథే ఉంది. కార్ల కంపెనీలు ఒరిజినల్ స్పేర్ పార్ట్‌లు, రిపేరు సమాచారం, స్కానింగ్ పరికరాలు బయటి గరాజ్‌లకి అందకుండా చేస్తున్నాయన్న ఫిర్యాదు మీద, మార్కెట్లో పోటీ దెబ్బతినకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టులో 14 కంపెనీలకి కలిపి 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. జరిమానా మీద కంపెనీలు అప్పీళ్లకి వెళ్లాయి, కేసు ఏళ్ల తరబడి నడిచింది. మనకి పనికొచ్చే ముక్క ఆ ఆర్డర్లో ఇంకొకటుంది. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దని గంపగుత్తగా షరతు పెట్టకూడదు. బయటి పని సరిగా చేయకపోవడం వల్ల జరిగిన నష్టం వరకే వారంటీ నిరాకరించవచ్చు.

ఇది మామూలు బుర్రకి అందే సంగతే. బయట హారన్ మార్పించుకుంటే ఏసీ కంప్రెసర్ వారంటీ ఎందుకు పోవాలి? అదే ఫాగ్ ల్యాంపుల కోసం ఒరిజినల్ వైరు కోసి అతుకు వేయించి, తర్వాత ఆ వైరింగే కాలిపోతే, వాళ్లు కాదనడంలో న్యాయం ఉంది. ఆ సంబంధం ఉందని చూపమని వాళ్లనే అడగాలి.

“మీరు మా దగ్గర కొనలేదు కదా” అన్న మాటకైతే విలువే లేదు. విజయవాడలో కొన్న కారుని వరంగల్లోనో విశాఖలోనో ఆ బ్రాండు అధీకృత వర్క్‌షాప్ ఎక్కడైనా చూపించుకోవచ్చని వారంటీ పుస్తకాల్లోనే ఉంటుంది. కొన్న రోజు డ్యాష్‌బోర్డులో పడేసిన ఆ పుస్తకం ఒకసారి తీసి చదవండి. ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకుని ఉంటే దాని షరతుల కాగితం వేరే ఉంటుంది, మొదటి వారంటీలో వచ్చేవన్నీ అందులో రాకపోవచ్చు.

ఇక రీకాల్. తయారీలో భద్రతా లోపం ఉందని తేలి కంపెనీ కార్లని వెనక్కి పిలిస్తే, ఆ రిపేరు ఉచితం, వారంటీ ఉందా పోయిందా అన్న ప్రశ్నే రాదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం, కంపెనీ తనంత తాను పిలవకపోతే రీకాల్ చేయమని ఆదేశించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. చాలా కంపెనీల వెబ్‌సైట్లలో చాసిస్ నంబరు కొడితే మీ కారు రీకాల్‌లో ఉందో లేదో తెలుస్తుంది. రెండు నిమిషాల పని.

జాబ్ కార్డు దగ్గర మొదలు

రెండోసారి వెళ్లినప్పుడు మా బావ వెంట వచ్చాడు. విజయవాడ ఆటోనగర్‌లో పాతికేళ్లుగా లారీల స్పేర్ పార్ట్‌ల వ్యాపారం, ఎవరితో ఎలా మాట్లాడాలో తెలిసిన మనిషి. అడ్వైజర్ ట్యాబ్‌లో టైప్ చేస్తుంటే పక్కన నిలబడి, “బ్రదర్, మేం చెప్పింది చెప్పినట్టు కొట్టు. ‘ఎత్తు మీద ఆగి కదిలినప్పుడు ఒకటి నుంచి రెండో గేరుకి మారేటప్పుడు కుదుపు.’ ఇంకో ముక్క కూడా కొట్టు, ‘రెండోసారి వచ్చారు’ అని” అన్నాడు. కుర్రాడు ఇబ్బందిగా నవ్వాడు. “జనరల్ చెకప్ అని పెడితే సిస్టమ్‌లో త్వరగా అవుతుంది సర్.” బావ కూడా నవ్వాడు. “మాకేం తొందర లేదులే.”

ఆ ఒక్క వాక్యం జాబ్ కార్డులోకి ఎక్కడంతో పరిస్థితి మారింది. తేదీ, కిలోమీటర్ల రీడింగు, ఫలానా కంప్లయింట్, రెండోసారి. వారంటీ నడుస్తుండగానే చెప్పామన్నదానికి అదే రుజువు.

టెస్ట్ డ్రైవ్ కూడా ఈసారి మేం చెప్పిన రూటులోనే. సాయంత్రం ఆరింటికి ఫ్లైఓవర్ మీదకి తీసుకెళ్లాం. కుదుపు మూడుసార్లు వచ్చింది. ఫోన్‌లో వీడియో తీశాను, మీటరు రీడింగు కనబడేలా. “ఈ మోడల్‌కి నార్మలే” అని మళ్లీ అనబోతుంటే, అయితే మీ షోరూమ్‌లోని డెమో కారు ఇదే దారిలో నడిపి చూద్దాం పదండి అన్నాం. నార్మల్ అన్న వాదనని తేల్చడానికి ఇంతకంటే తేలిక దారి నాకు తెలియదు. అదే మోడల్ కారు ఇంకొకటి పక్కన ఉంటే చాలు. డెమో కారులో కుదుపు రాలేదు.

కారు వదిలేటప్పుడు స్కానర్ రిపోర్టు కాపీ అడిగాను. డబ్బు కట్టి చేయించే పని అయితే పాత పార్ట్‌లు తిరిగివ్వమనీ అడగొచ్చు. వారంటీలో మార్చినవి మాత్రం కంపెనీకి వెళ్తాయి.

అదే రాత్రి కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టాను, డీలర్ సర్వీస్ మేనేజర్‌ని కాపీలో ఉంచి. రెండు జాబ్ కార్డు నంబర్లు, వీడియో, డెమో కారు సంగతి, అంతే. తిట్లు లేవు, సోషల్ మీడియాలో పెడతానన్న బెదిరింపు లేదు. చివర్లో ఒకే ఒక్క అడుగు: ఈ రిపేరు వారంటీలో చేయరనుకుంటే, కారణం రాతపూర్వకంగా తెలపండి. కాదంటూ సంతకం పెట్టడం ఎవరికీ ఇష్టం ఉండదు, అందుకే చాలా వ్యవహారాలు ఇక్కడే కదులుతాయి. ఏరియా సర్వీస్ మేనేజర్ అనే కంపెనీ మనిషి అప్పుడు రంగంలోకి వస్తాడు. క్లెయిమ్ మీద చివరి మాట అతనిదే కాబట్టి, అడ్వైజర్‌తో వాదించి గొంతు పాడుచేసుకునే కంటే, అతను వచ్చే రోజు కారు అక్కడ ఉండేలా చూసుకోవడం నయం.

వారంటీ తేదీ దాటి కొద్ది రోజులే అయితే ‘గుడ్‌విల్’ అనే దారి ఒకటుంది. హక్కు కాదు, కంపెనీ దయ. పార్ట్ ఖర్చులో కొంత కంపెనీ భరిస్తుంది. క్రమం తప్పకుండా వాళ్ల దగ్గరే సర్వీసు చేయించిన వాళ్లకి దక్కే అవకాశం ఎక్కువ. అడగనిదే వాళ్లంతట వాళ్లు చెప్పరు.

కారు లోపల, మనం బయట

గొడవ ముదిరాక వచ్చే చిక్కు ఇది. బిల్లు ఒప్పుకోకపోతే గేట్ పాస్ ఇవ్వరు, గేట్ పాస్ లేకపోతే సెక్యూరిటీ బారికేడ్ ఎత్తడు. చట్టం ఇక్కడ కొంతవరకు వాళ్ల వైపే ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ప్రకారం, ఒప్పుకున్న పని చేసినవాడు దాని కూలి అందేవరకు వస్తువుని తన దగ్గర ఉంచుకోవచ్చు. కానీ అది చేసిన పనికి మాత్రమే. చేయని పనికి కాదు. అదే చట్టం 151వ సెక్షన్, మన వస్తువు తమ దగ్గర ఉన్నంతకాలం సొంత వస్తువంత జాగ్రత్తగా చూసుకోవాలంటుంది. కారు ఎండలో పెట్టారు, గీతలు పడ్డాయి, మీటరు 40 కిలోమీటర్లు ఎక్కువ తిరిగింది అంటే వాళ్లు జవాబు చెప్పాలి. వదిలేముందు నాలుగు వైపులా ఫోటోలు తీసుకోమనేది ఇందుకే.

కారు అత్యవసరమైతే డబ్బు కట్టి తెచ్చుకోండి, కానీ బిల్లు మీద ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రాసి సంతకం పెట్టి ఫోటో తీసుకోండి. గేటు దగ్గర హడావుడిలో ‘పని సంతృప్తికరం’ అన్న కాగితం మీద సంతకం చేయించుకుంటారు. దాని మీద కూడా ఇదే రాయొచ్చు, ఎవరూ చెయ్యి పట్టుకోరు.

వరదలో మునిగిన కార్లది వేరే చిక్కు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు వర్క్‌షాప్‌ల ముందు కార్లు బారులు తీరాయి. వరద నష్టం వారంటీలో రాదు, ఇన్సూరెన్స్ చూసుకోవాలి. నష్టం అంచనా వేయడానికి బీమా కంపెనీ పంపే సర్వేయర్ చూడకముందే వర్క్‌షాప్ విప్పదు, విప్పకుండా సర్వేయర్ ఎస్టిమేట్ ఒప్పుకోడు. మునిగిన కారుని స్టార్ట్ చేసి ఇంజిన్ పాడుచేసుకుంటే, ఇంజిన్‌కి విడిగా కవర్ తీసుకోని పాలసీల్లో ఆ ఖర్చు మన నెత్తిన పడొచ్చు. కాబట్టి తాళం కూడా తిప్పకుండా టోయింగ్ చేయించాలి. క్లెయిమ్‌లో తేడా వస్తే, బీమా ఫిర్యాదులు విని తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది, ఫీజు లేదు. ముందు బీమా కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ఉండాలి.

కమిషన్ దాకా వెళ్తే

మెయిళ్లకి కదలకపోతే 1915. ఇది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడతారు. వాళ్లది కోర్టు కాదు, ఎవరినీ ఆదేశించలేరు. ఫిర్యాదుని కంపెనీలో సరైన మనిషి దగ్గరికి చేరుస్తారు. పెద్ద కంపెనీల దగ్గర ఇది తరచూ పనిచేస్తుంది, ఎందుకంటే తర్వాతి మెట్టు ఏమిటో వాళ్లకి తెలుసు.

ఆ మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మనకి పెద్ద వెసులుబాటు ఏమిటంటే, షోరూమ్ ఎక్కడున్నా మనం ఉండే ఊరి కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు. 50 లక్షల దాకా జిల్లా కమిషన్. ఆ లెక్క మనం చెల్లించిన సొమ్ము మీద, మనం అడిగే పరిహారం మీద కాదు. ఈ పద్ధతి చెల్లుతుందని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఆ కేసు కూడా కాలిపోయిన ఒక కారు గురించే. ఫీజు 5 లక్షల వరకు లేదు, 10 లక్షల వరకు 200 రూపాయలు, 20 లక్షల వరకు 400. లాయరు తప్పనిసరి కాదు. ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. సమస్య తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి. మూడు నెలల్లో, పరీక్షలు అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. వాస్తవంలో దానికంటే ఎక్కువే పడుతుంది, ఆ ఓపిక ఉందనుకుంటేనే దిగండి.

ఇక్కడ చాలామంది చేసే తప్పులు రెండు. కోపంలో “కొత్త కారు ఇప్పించండి” అని అడగడం మొదటిది. వారంటీలో పార్ట్ మారుస్తామని ఉంటే పార్టే అడగాలి, కారు మొత్తం మార్చమనలేం అని సుప్రీంకోర్టు 2006లోనే మారుతి ఉద్యోగ్ కేసులో చెప్పింది. కారు తయారీలోనే లోపం ఉందంటే నిపుణుల రిపోర్టు లాంటి రుజువు కావాలి. కారుని పరీక్షకి పంపే అధికారం కమిషన్‌కి ఉంది. చేయాల్సిన రిపేరు, అప్పటిదాకా క్యాబ్‌లకి పెట్టిన ఖర్చు, కొంత పరిహారం అడిగితే కేసు నిలబడే అవకాశం ఎక్కువ.

రెండోది, డీలర్ మీద మాత్రమే వేయడం, లేదా కంపెనీ మీద మాత్రమే వేయడం. వాళ్లిద్దరిదీ యజమాని, పనివాడు సంబంధం కాదని పైన చెప్పుకున్నాం కదా, అది ఇక్కడ మళ్లీ ఎదురొస్తుంది. 2021లో టాటా మోటార్స్ కేసులో, డీలర్ పాత మోడల్ కారుని కొత్తదని అంటగట్టినా, ఆ సంగతి కంపెనీకి తెలుసని రుజువు లేకపోతే కంపెనీని బాధ్యురాలిని చేయలేమని సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి, డీలర్ చేసిన తప్పేదో, వారంటీ ఇచ్చిన కంపెనీ చేసిన తప్పేదో విడివిడిగా రాయాలి. కంపెనీకి పంపిన ఆ మెయిల్ ఇక్కడే అక్కరకొస్తుంది. ‘మాకు తెలియదు’ అనడానికి వీలుండదు.

నాకు అంత దూరం వెళ్లే అవసరం రాలేదు. మెయిల్ పెట్టిన ఆరో రోజు ఏరియా మేనేజర్ వచ్చి ఫ్లైఓవర్ మీద తనే నడిపి చూశాడట. యాక్చుయేటర్ మార్చారు, వారంటీలోనే. పార్ట్ రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. కారు తెచ్చుకున్న మర్నాడు అడ్వైజర్ ఫోన్ చేశాడు. “సర్, కంపెనీ నుంచి కాల్ వస్తుంది, పది ఇవ్వండి సర్.” ఎనిమిది ఇచ్చాను. తక్కినవి ఎందుకు తగ్గించారని కాల్ సెంటర్ అమ్మాయి అడిగితే, మొదటి జాబ్ కార్డు నంబరు చదివి వినిపించాను.